12 వోల్టుల రేడియోలో 200 వోల్టులు

ప్రశ్న: మా పెదనాన్నగారి కారు ముప్పై ఏళ్లకు పైగా షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు బాగు చేయిస్తున్నాం. డాష్‌బోర్డులోని రేడియోను మెకానిక్ విప్పి నా చేతికిచ్చాడు. చాలా బరువుంది. మూత తీసి చూస్తే ఐదు గాజు వాల్వులు, వాటి పక్కనే వాల్వులాగా సాకెట్‌లో గుచ్చిన ఒక అల్యూమినియం డబ్బా కనిపించాయి. వాల్వుల మీద 12బీఏ6, 12బీఈ6, 12ఏవీ6, 12వీ6జీటీ, 12ఎక్స్4 అని ఉంది. ఒక మిత్రుడు "పన్నెండు వోల్టులే కదా, బ్యాటరీ చార్జర్‌కు తగిలించి చూడు, క్షణంలో తేలిపోతుంది" అంటున్నాడు. ఇంకొకరు "అంత పాతదానికి ఒకేసారి కరెంటు ఇవ్వకూడదు, సున్నా నుంచి మెల్లగా వోల్టేజీ పెంచుతూ పోవాలి" అంటున్నారు. నాకు టంకం వేయడం, మల్టీమీటర్ వాడటం వచ్చు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినకండి. మొదటి సలహా రేడియోను కాల్చే సలహా. రెండోది మంచిదే, కాని వేరే రేడియోకు చెప్పాల్సింది మీ రేడియోకు చెప్పారు. ఇంటి కరెంటుతో నడిచే పాత వాల్వు రేడియో అయితే వోల్టేజీని మెల్లగా పెంచడం సరైన పద్ధతే. కారు వాల్వు రేడియోకు ఆ మెల్లదనమే చేటు. దీన్ని మెల్లగా కాదు, భాగాలుగా లేపాలి. ఒక్కో భాగానికీ కరెంటు ఇచ్చి, అది బాగుందని తేలాకే తర్వాతి భాగానికి వెళ్లాలి. ఎందుకో తెలియాలంటే ముందు ఆ అల్యూమినియం డబ్బా సంగతి తెలియాలి.

మీ వాల్వులు సరిగా పనిచేయాలంటే వాటి ప్లేటుకు, అంటే లోపలి లోహపు పలకకు, వందల వోల్టులు అందాలి. బ్యాటరీ ఇచ్చేది పన్నెండు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పెంచుదామంటే అది మారుతూ ఉండే కరెంటుతోనే పనిచేస్తుంది, బ్యాటరీ నుంచి వచ్చే నిలకడ కరెంటుతో కాదు. అందుకని ఆ కాలపు ఇంజనీర్లు బ్యాటరీ కరెంటును తెంచుతూ కలుపుతూ ఉండే ఒక పరికరాన్ని మధ్యలో పెట్టారు. అదే ఆ డబ్బా, దాని పేరు వైబ్రేటర్. లోపల ఒక పలుచని ఉక్కు రేకు సెకనుకు సుమారు 115 సార్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఒక పక్క తగిలినప్పుడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో, అంటే బ్యాటరీ వైపు తీగచుట్టలో, ఒక సగం గుండా, రెండో పక్క తగిలినప్పుడు మిగతా సగం గుండా పారుతుంది. సెకండరీలో, అంటే రెండో వైపు తీగచుట్టలో, వందల వోల్టుల ఏసీ పుడుతుంది. మీ 12ఎక్స్4 వాల్వు దాన్ని తిరిగి డీసీగా మారుస్తుంది. చివరకు కెపాసిటర్ల మీద నిలిచేది 200 నుంచి 250 వోల్టులు. వాల్వు కారు రేడియో ఆన్ చేయగానే వినిపించే జుమ్మనే శబ్దం ఈ రేకుదే.

ఇందులోంచి రెండు సంగతులు తేలతాయి. మొదటిది మీ ప్రాణానికి సంబంధించినది. బయటికి పన్నెండు వోల్టులని చెప్పుకునే ఈ పెట్టె లోపల ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కొంతసేపు కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. రెండోది రేడియో ప్రాణానికి సంబంధించినది. వోల్టేజీ చాలకపోతే ఆ రేకు కదలడం మొదలుపెట్టదు. కదలని రేకు ఒక పక్క అతుక్కుని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ నేరుగా బ్యాటరీకి కలిపినట్టే. వేడెక్కడం, కాంటాక్టులు మాడటం, చివరకు ట్రాన్స్‌ఫార్మర్ పోవడం వరసగా జరుగుతాయి. సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే ఈ స్థితిలోనే దాన్ని ఎక్కువసేపు ఉంచినట్టవుతుంది.

చార్జర్ గురించి కూడా ఒక మాట. పాతకాలపు చార్జర్ ఇచ్చేది చదును చేయని కరెంటు, దాని శిఖరాలు పన్నెండు వోల్టుల కంటే చాలా ఎక్కువ. కొత్త రకం తెలివైన చార్జర్లలో చాలావాటికి ఎదుట బ్యాటరీ కనిపించకపోతే అసలు కరెంటే ఇవ్వవు. రేడియో చచ్చిపోయిందని మీరు అనుకుంటారు, చార్జర్ మాత్రం తన పని సరిగ్గానే చేస్తున్నానని అనుకుంటుంది. మంచి 12 వోల్టుల బ్యాటరీ, లేదా అయిదారు ఆంపియర్లు తేలిగ్గా ఇవ్వగల రెగ్యులేటెడ్ సప్లై, ఈ రెండింటిలో ఏదో ఒకటి వాడండి. నా ఓటు బ్యాటరీకే. అది నిశ్శబ్దంగా ఉంటుంది, వైబ్రేటర్ గుంజుకునే కరెంటు తునకలకు తడబడదు. కాని షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఇస్తుంది, వైరు ఎర్రబడి మంటలు రావడానికి క్షణాలు చాలు. కాబట్టి బ్యాటరీ టెర్మినల్‌కు ఆనుకునే ఫ్యూజు పెట్టాలి. ఎంత ఫ్యూజు అన్నది రేడియో లేబుల్ మీద ఉంటే అంతే పెట్టండి, లేకపోతే ఈ రకానికి 5 ఆంపియర్లు. రేడియోతో వచ్చిన పాత ఫ్యూజును నమ్మవద్దు. వెండి కాగితం చుట్టి నడిపించేసిన ఫ్యూజులు పాత కార్లలో కొల్లలు.

కారులో ఉండగా కరెంటు ఇవ్వకపోవడం మీరు చేసిన మంచి పని. డాష్‌బోర్డు వెనక గుడ్డ చుట్టిన పాత వైర్లు, పెళుసెక్కిన రబ్బరు ఉంటాయి. వాటి తప్పు రేడియో మీదకు, రేడియో తప్పు వాటి మీదకు వస్తుంది. బల్ల మీద పెట్టి చూడటమే సరి. కింద చెక్క ఉండాలి, ఇనుము కాదు. చుట్టూ కాగితాలు, స్పిరిట్ డబ్బాలు ఉండకూడదు. బ్యాటరీ క్లిప్పు ఒక్క గుంజుకు ఊడి వచ్చేలా చేతికి అందుబాటులో ఉండాలి.

ఇది నిజంగా 12 వోల్టుల రేడియోనా అన్నది ముందు తేల్చుకోవాలి. 1955, 1956 మోడళ్ల నాటికి అమెరికా కార్లు చాలావరకు 12 వోల్టులకు మారాయి. అంతకు ముందువి ఎక్కువగా 6 వోల్టులవి. ఫోక్స్‌వాగన్ బీటిల్ లాంటివి 1960ల మధ్య దాకా 6 వోల్టులతోనే నడిచాయి. కారును తర్వాత 12కు మార్చి, రేడియోను 6 వోల్టులదే ఉంచేసిన సందర్భాలు కూడా ఉంటాయి. మీ వాల్వులన్నీ 12తో మొదలవుతున్నాయి. ఆ అంకె ఫిలమెంటు, అంటే వాల్వును వేడి చేసే తీగ, వోల్టేజీని చెబుతుంది కాబట్టి మీది 12 వోల్టుల సెట్టేనని ధైర్యంగా అనుకోవచ్చు. 6తో మొదలయ్యే వాల్వులున్న ఇతర పాఠకులు మాత్రం అంత తొందరగా తీర్మానించవద్దు. 6 వోల్టుల వాల్వులను రెండేసి చొప్పున వరసలో కలిపి 12 వోల్టులకు నడిపిన సెట్లు ఉన్నాయి. లేబుల్, వైబ్రేటర్ మీది అక్షరాలు, డయల్ బల్బు మీది నంబరు, ఈ మూడూ కలిపి చూసుకోవాలి.

బ్యాటరీ ఏ కొన ఎర్త్, అంటే కారు బాడీకి కలిసేది, అన్నది తర్వాతి ప్రశ్న. బ్రిటిష్ కార్లలో చాలావాటికి 1960ల మధ్య దాకా ప్లస్ కొనే బాడీకి ఎర్త్. మీ రేడియోలో రెక్టిఫయర్ వాల్వు, అంటే ఏసీని డీసీగా మార్చే ఆ 12ఎక్స్4, విడిగా ఉంది కాబట్టి మామూలు వైబ్రేటర్ అయితే ప్లస్, మైనస్ తారుమారైనా హై వోల్టేజీ సరైన దిశలోనే వస్తుంది. అయినా నిర్లక్ష్యం వద్దు. గతంలో ఎవరైనా వైబ్రేటర్‌కు బదులు ఎలక్ట్రానిక్ రకాన్ని పెట్టి ఉండవచ్చు. పైకి అదే డబ్బా, అవే పిన్నులు, లోపల ట్రాన్సిస్టర్లు. వాటికి దిశ తప్పితే అంతే సంగతులు. లేబుల్ చూడండి, కారులో బ్యాటరీ ఏ కొన బాడీకి కలిపి ఉందో చూడండి. రెండూ ఒకటే చెప్పాలి.

ఇక మూత తీసి కళ్లతో చూసే పని. దీనికి ఒక పూట కేటాయించినా నష్టం లేదు. ఎలుకలు గూడు పెట్టి ఉంటే పొడిగా దులపకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చెత్తను తడిపి తీయండి. చాసిస్, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం, మీద తెల్లని లేదా పసుపు పొడి కనిపిస్తే గరుకు కాగితంతో రుద్దవద్దు. ఆ కాలపు చాసిస్‌లకు కాడ్మియం పూత వేసేవారు, దాని ధూళి విషం. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి, చేతులు కడుక్కోండి. ఎక్కడైనా నల్లగా మాడిన రెసిస్టరు ఉందా, మైనం కారి గడ్డకట్టిన కెపాసిటర్ ఉందా, వైర్ల తొడుగు చిట్లిందా చూడండి. ట్యూనింగ్ మీటలను మాత్రం బలంగా నొక్కవద్దు. కారు రేడియోల్లో స్టేషన్ మార్చడానికి కాయిల్స్ లోపల సన్నని ఫెర్రైట్ కడ్డీలు జారుతుంటాయి. గ్రీజు గట్టిపడి ఉంటే మీరు నొక్కిన బలమంతా వాటి మీద పడి విరుగుతాయి, మళ్లీ దొరకవు. పాత గ్రీజును స్పిరిట్‌తో మెత్తబరిచి, కొద్దికొద్దిగా కదిలించాలి. డయల్ గాజు జోలికి పోవద్దు, దాని వెనక అంకెల రంగు తడి తగిలితే లేచివస్తుంది. తుప్పు వదలడానికి కొట్టే స్ప్రే నూనెలను రేడియో ఉన్న గదిలోకే తేవద్దని నా సలహా. వాల్యూమ్ కంట్రోల్ గరగరలాడితే కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు చాలు.

కరెంటు ఇవ్వకముందే మార్చాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇక్కడ "ముందు పాడుతుందో లేదో చూసి, పాడకపోతే మారుద్దాం" అనే వాదన వినిపిస్తుంది. నాకు ఆ వాదన నచ్చదు. ఎందుకంటే ఈ రేడియోలో చవకైన భాగం పాడై ఖరీదైన భాగాన్ని చంపుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది బఫర్ కెపాసిటర్. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి అడ్డంగా, సాధారణంగా 12ఎక్స్4 సాకెట్ దగ్గర ఉంటుంది. వైబ్రేటర్ కాంటాక్టు తెగిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మర్‌లో పుట్టే వోల్టేజీ పోటును మింగడం దీని పని. సెకనుకు రెండు వందల సార్లకు పైగా ఆ దెబ్బ తింటుంది. ఇది లీక్ అయినా షార్ట్ అయినా వైబ్రేటర్ కాంటాక్టులు అతుక్కుపోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది. తెగిపోయి పనిచేయకపోతే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు ఎగిసి అవి అరిగిపోతాయి. కాబట్టి మీటర్‌తో పరీక్షించి బాగుందని ఊరుకోవద్దు, మల్టీమీటర్ పెట్టే కొద్ది వోల్టులకు అది చక్కగానే కనిపిస్తుంది. తప్పకుండా మార్చండి. విలువ సాధారణంగా 0.005 నుంచి 0.01 మైక్రోఫారడ్‌ల మధ్య ఉంటుంది. పాతదాని మీద ఎంత ఉంటే అంతే పెట్టాలి, అది ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపోయేలా లెక్కగట్టిన విలువ. "కొంచెం పెద్దదే మంచిది" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. రేటింగ్ 1600 వోల్టులు లేదా అంతకు మించి ఉండాలి. పాలీప్రొపిలీన్ రకం తీసుకోండి.

తర్వాత పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. ఇవి ఒకే డబ్బాలో రెండు మూడు కలిసి ఉంటాయి. వీటి లోపల అల్యూమినియం రేకు మీద ఉండే అతి పలుచని ఆక్సైడ్ పొరే ఇన్సులేషన్. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి ఉంటే ఆ పొర బలహీనపడుతుంది. ఒక్కసారిగా 250 వోల్టులు పడితే లోపలి నుంచి కరెంటు కారి, వేడెక్కి, ఉబ్బి పగలవచ్చు. మీకు మెల్లగా పెంచమని చెప్పినవారి మనసులో ఉన్నది ఇదే. పెద్ద రెసిస్టరు గుండా నెమ్మదిగా వోల్టేజీ ఎక్కిస్తే ఆ పొర తిరిగి కట్టుకుంటుంది, అది నిజం. కాని దానికి విడిగా ఒక హై వోల్టేజీ సప్లై కావాలి, రేడియోలోని వైబ్రేటర్‌తో అది కుదరదు. పైగా లోపలి ద్రవం ఎండిపోయిన కెపాసిటర్‌కు ఎంత పొర కట్టినా లాభం లేదు. అంత శ్రమ ఎందుకు, కొత్తవి వేయండి. పాత డబ్బాను చాసిస్ మీద అలంకారంగా ఉంచి, దాని తీగలు విడదీసి, చాసిస్ అడుగున కొత్తవి అమర్చండి. తీగలు విడదీయకుండా కొత్తవాటిని పాతవాటికి జోడించడం మాత్రం కూడదు. కారే కెపాసిటర్ పక్కన మంచిది పెట్టినంత మాత్రాన కారడం ఆగదు.

మూడోది స్పీకర్‌ను నడిపే 12వీ6జీటీ వాల్వు గ్రిడ్‌కు, అంటే శబ్దం లోపలికి వెళ్లే కొనకు, దాన్ని అందించే చిన్న కాగితపు కెపాసిటర్. ఇది లీక్ అయితే ప్లస్ వోల్టేజీ గ్రిడ్ మీదకు చేరి, ఆ వాల్వు హద్దు లేకుండా కరెంటు లాగి, తనతోపాటు స్పీకర్‌కు ముందుండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకుపోతుంది. మిగతా కాగితపు కెపాసిటర్లను రేడియో పాడాక తీరిగ్గా మార్చుకోవచ్చు, ఇది మాత్రం ముందే మార్చాలి. చదునైన మైకా, గుండ్రని సిరామిక్ కెపాసిటర్లను కదపవద్దు.

కొత్తవి వేశాక స్పీకర్ చూడండి. మీటర్ పెడితే మూడు నాలుగు ఓమ్‌ల దగ్గర చూపాలి, పెట్టిన క్షణం చిన్నగా టిక్‌మనాలి. స్పీకర్ లేకుండా ఈ రేడియోను ఎప్పుడూ ఆన్ చేయవద్దు. భారం లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ పోటెత్తి ఇన్సులేషన్ పగలగొడుతుంది.

ఇప్పుడు అసలు పని. వైబ్రేటర్, ఐదు వాల్వులు, డయల్ బల్బు అన్నీ తీసేయండి. ఏ వాల్వు ఏ సాకెట్‌దో ఫొటో తీసుకోండి. రేడియో స్విచ్ ఆన్ చేసి, బ్యాటరీ వైరుకూ చాసిస్‌కూ మధ్య ఓమ్‌లు కొలవండి. దాదాపు తెగిన సర్క్యూట్‌లా కనిపించాలి. వంద ఓమ్‌ల చుట్టుపక్కల చూపినా కంగారుపడవద్దు, కొన్ని సెట్లలో వైబ్రేటర్ కాంటాక్టులకు అడ్డంగా చిన్న రెసిస్టర్లు ఉంటాయి. సున్నా చూపితే మాత్రం ఆగండి. ఎక్కువసార్లు దోషి వైరు లోపలికి వచ్చే చోట ఉండే స్పార్క్ ప్లేటు, అంటే ఇంజను గోలను ఆపడానికి చాసిస్‌కు ఆనించి పెట్టిన లోహపు పలక. దాని కింది ఇన్సులేషన్ చెమ్మకు పాడవుతుంది. అన్నీ సాకెట్లలో ఉండగా ఈ కొలత తీస్తే రెండు మూడు ఓమ్‌లే కనిపించి, షార్ట్ అయిందని పొరపాటు పడతారు. చల్లగా ఉన్న ఫిలమెంట్ల నిరోధం అంత తక్కువ.

ఇది బాగుంటే వాల్వులు, డయల్ బల్బు పెట్టండి. వైబ్రేటర్ వద్దు. బ్యాటరీకీ రేడియోకూ మధ్య ఫ్యూజుతోపాటు వరసలో ఒక 12 వోల్టుల, 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు కలపండి. రేడియోలో ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, అంతకు మించి నష్టం జరగదు. అంతా బాగుంటే బల్బు మొదట కాంతిగా వెలిగి, కొద్దిసేపట్లో కొంత తగ్గుతుంది, వాల్వుల్లో ఎర్రని వెలుగు లీలగా కనిపిస్తుంది. ఇప్పుడు బల్బు తీసేసి, ఫ్యూజు మాత్రం ఉంచి, ఆంపియర్లు కొలవండి. మీరు రాసిన వాల్వుల లెక్క ఇలా ఉంటుంది. 12బీఏ6, 12బీఈ6, 12ఏవీ6 ఒక్కొక్కటి 0.15, 12వీ6జీటీ 0.225, 12ఎక్స్4 0.3. అంతా కలిపి దాదాపు ఒక ఆంపియరు, డయల్ బల్బుతో మరికొంత. రెండు ఆంపియర్లు దాటితే ఎక్కడో తేడా ఉంది. బాగా తక్కువగా ఉంటే ఏదో వాల్వు ఫిలమెంటు తెగింది. గాజు తాకి చూస్తే చల్లగా ఉన్నది అదే.

ఇంతవరకు హై వోల్టేజీ లేదు, నిశ్చింతగా పనిచేయవచ్చు. ఇక్కడి నుంచి జాగ్రత్త మారుతుంది. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకోండి. ఇంకొకరు గదిలో ఉండాలి, క్లిప్పు ఎక్కడ పీకాలో వారికి ముందే చూపించండి. ఆపిన ప్రతిసారీ, వేలు పెట్టేముందు, కెపాసిటర్‌కూ చాసిస్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కొన్ని క్షణాలు తగిలించి, మీటర్‌తో సున్నా చూసుకోండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించడం కొందరికి సరదా. కొత్తగా వేసిన కెపాసిటర్‌కు అది సరదా కాదు.

ముందుగా 12ఎక్స్4 తీసేసి వైబ్రేటర్ పెట్టండి. బ్రేక్ లైట్ బల్బు ఇప్పుడు వరసలో ఉండకూడదు, ఉంటే వోల్టేజీ చాలక వైబ్రేటర్ కదలదు, మొదట చెప్పుకున్న ప్రమాదంలోకే వస్తాం. నిండు పన్నెండు వోల్టులు ఒకేసారి ఇవ్వాలి, చెవి రిక్కించాలి, చూపు ఆంపియర్ల మీద ఉండాలి. రెక్టిఫయర్ లేదు కాబట్టి మిగతా రేడియోకు హై వోల్టేజీ వెళ్లదు. నడిచేది వైబ్రేటర్, ట్రాన్స్‌ఫార్మర్, మీరు మార్చిన బఫర్ మాత్రమే. నిలకడగా జుమ్మని శబ్దం వచ్చి, కరెంటు ఇంతకు ముందు ఫిలమెంట్లకు కొలిచినదానికంటే కొద్దిగా మాత్రమే పెరిగితే మీ రేడియోలో అతి విలువైన భాగం క్షేమంగా ఉన్నట్టే. 12ఎక్స్4 ఖాళీ సాకెట్‌లో మాత్రం వందల వోల్టుల ఏసీ ఉంది, అటు చెయ్యి పోనివ్వవద్దు. శబ్దం లేకుండా కరెంటు మాత్రం ఎగబాకితే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా క్లిప్పు పీకేయండి.

ముప్పై ఏళ్లు కదలని వైబ్రేటర్ మొదటిసారి మొండికేయడం మామూలే. కాంటాక్టుల మీద పలుచని ఆక్సైడ్ పట్టి ఉంటుంది. కొన్నిటి లోపల శబ్దం తగ్గించడానికి పెట్టిన స్పాంజి కరిగి తారులా అతుక్కుని ఉంటుంది. డబ్బాను బల్లకేసి కొట్టి నడిపించినవారిని మీరు కలుస్తారు. అలా నడిచింది ఎంతసేపు నడుస్తుందో ఎవరికీ తెలియదు, నడిరోడ్డు మీద అతుక్కుంటే ఫ్యూజే దిక్కు. ఓపిక ఉంటే డబ్బా అంచును జాగ్రత్తగా విప్పి, స్పిరిట్‌లో తడిపిన గట్టి కాగితాన్ని కాంటాక్టుల మధ్య పెట్టి లాగండి. ఆకురాయి పనికిరాదు, రేకును వంచనూ కూడదు. ఓపిక లేకపోతే ఎలక్ట్రానిక్ వైబ్రేటర్ కొనండి. వోల్టేజీ, పిన్నుల అమరిక, ఎర్త్ దిశ మూడూ సరిపోవాలి. అది శబ్దం చేయదు కాబట్టి జుమ్మనే శబ్దం కోసం ఎదురుచూడవద్దు. రోజూ వాడే కారయితే నేను ఎలక్ట్రానిక్ రకమే పెడతాను. ప్రదర్శనకు ఉంచే కారయితే ఆ శబ్దమే సగం అందం.

ఇక చివరి మెట్టు. 12ఎక్స్4 పెట్టి, స్పీకర్ తగిలించి, ఏరియల్ సాకెట్‌లో రెండు మీటర్ల వైరు గుచ్చి ఆన్ చేయండి. మొత్తం కరెంటు మూడు నాలుగు ఆంపియర్ల దగ్గర నిలవాలి. 12వీ6జీటీ లోపలి బూడిదరంగు ప్లేటు మీద కన్నుంచండి, అది ఎర్రబడితే వెంటనే ఆపండి. మొదటి నిమిషం తర్వాత ఆపి, కెపాసిటర్లను డిశ్చార్జి చేసి, ట్రాన్స్‌ఫార్మర్‌ను, కొత్త కెపాసిటర్లను తాకి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగా ఉండవచ్చు, కెపాసిటర్లు చల్లగా ఉండాలి. తర్వాత పది నిమిషాలు, తర్వాత గంట. ఆ గంటా పక్కనే ఉండండి. మైనం కాలిన వాసన వస్తే ఎక్కడిదో తేలేదాకా మళ్లీ ఆన్ చేయవద్దు.

స్టేషన్ రాలేదని వెంటనే నిరాశపడకండి. మీడియం వేవ్ పగలు దగ్గరి స్టేషన్లే వస్తాయి, దూరపువి రాత్రి వస్తాయి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు గదంతా గోల నింపుతాయి, వాటిని ఆపి వినండి. ఏరియల్ సాకెట్ మధ్య పిన్నుకు వైరు తాకించినప్పుడు స్పీకర్‌లో చిటపట పెరిగితే రేడియో వింటోందనే అర్థం. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా గుర్రుమంటుంటే ఎలక్ట్రోలిటిక్‌లలో ఏదో ఒకటి సరిగా అతకలేదు. ఏం జరిగినా లోపల కాయిల్స్ మీద ఉండే సర్దుబాటు స్క్రూలను తిప్పవద్దు. అవి వాటంతట అవి పెద్దగా తప్పవు, మనం తిప్పితేనే బాగా తప్పుతాయి.

ఇదే పరిస్థితిలో వేరే రకం రేడియో ఉన్నవారికి రెండు మాటలు. వాల్వులున్నా వైబ్రేటర్ లేకుండా, వెనక వేడి వదిలే లోహపు రెక్కల మీద ఒక పెద్ద ట్రాన్సిస్టర్ కనిపిస్తే అది 1950ల చివరా 1960ల మొదట్లోనూ వచ్చిన మిశ్రమ రకం. అందులో వాల్వులు కూడా పన్నెండు వోల్టులతోనే నడుస్తాయి, హై వోల్టేజీ లేదు. పూర్తి ట్రాన్సిస్టర్ కారు రేడియోను ఫిల్కో 1955లో క్రైస్లర్ కోసం తెచ్చింది, 1960లలో వాటిదే రాజ్యం. ఈ రెండు రకాల్లోనూ దిశ తప్పితే జెర్మేనియం ట్రాన్సిస్టర్ క్షణంలో పోతుంది, స్పీకర్ లేకుండా నడిపినా, తప్పు ఓమ్‌ల స్పీకర్ పెట్టినా పోతుంది. జనరల్ మోటార్స్ కార్లలో చాలావాటికి 10 ఓమ్‌ల స్పీకర్ ఉండేది. ట్రాన్సిస్టర్ రెక్కలు బాగా వేడెక్కడం అక్కడ సహజం. ఏఎఫ్114 నుంచి ఏఎఫ్117 వరకు నంబర్లున్న ట్రాన్సిస్టర్లు ఉంటే వాటి డబ్బా లోపల సన్నని తగరపు వెంట్రుకలు పెరిగి షార్ట్ చేస్తాయి. రేడియో మూగబోతే మొదట వాటినే అనుమానించండి. వైబ్రేటర్ లేదు కాబట్టి ఈ రకాలను 21 వాట్ల బల్బు వరసలో ఉంచి మొదటిసారి ఆన్ చేయవచ్చు.

మీ రేడియోను కారులో తిరిగి బిగించేముందు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ కొలవండి. 14 వోల్టుల చుట్టూ ఉండాలి. 15 దాటుతుంటే కారు రెగ్యులేటర్‌ను సరిచేయించే దాకా రేడియో బల్ల మీదే ఉండనివ్వండి. బిగించాక కారు ఏరియల్ తగిలించి, డయల్ మీద 1400 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక బలహీనమైన స్టేషన్ పట్టుకుని, ఏరియల్ సాకెట్ పక్కన ఉండే చిన్న ట్రిమ్మర్‌ను శబ్దం గరిష్ఠమయ్యేదాకా తిప్పండి. మీరు తిప్పడానికి అనుమతి ఉన్న స్క్రూ అదొక్కటే.